రవణమ్మ దగ్గర ఉండిపోయిన గిన్నెలు

ఆగస్టు 2009, గురువారం రాత్రి
పీణ్య

మా గిన్నెలు ఇవాళ తిరిగొచ్చాయి.

పక్కగది రవణమ్మ మొగుడికి స్వైన్ ఫ్లూ అని తెలిసినప్పటి నుంచి వఠారంలో ఎవరూ వాళ్ల గడప తొక్కలేదు. అతనికి కూలి పోయింది. ఆమెను గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి రానివ్వలేదు. బడి మూసేయడంతో పిల్లలకు మధ్యాహ్నం భోజనమూ లేదు. నేనే రోజూ ఓ గిన్నెలో సంగటి, ఓ గిన్నెలో పప్పు వాళ్ల గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని.

"పెడితే పెట్టు గానీ, ఆ గిన్నెలు మళ్లీ ఇంట్లోకి తేవద్దు," అంది అత్త.

తేవడానికి రవణమ్మ ఇస్తేగా! ఒక్కటీ వెనక్కి రాలేదు. చివరికి మేము పప్పు లోటాల్లో పోసుకున్నాం. నాకు ఒళ్లు మండింది కూడా.

సాయంత్రం రవణమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, గిన్నెలన్నీ తళతళా తోమి తెచ్చింది. పైగిన్నె నిండా మునగాకు.

"ఖాళీ గిన్నె ఎట్ల ఇచ్చేదక్కా? ఇంట్లో ఏమీ లేకపాయె. పనికి పోవచ్చని డాక్టరు అన్నాడని మా ఆయప్ప ఈపొద్దు పోయినాడు. ఆడ చెట్టుంటే కోసుకొచ్చినాడు."

మా అమ్మ కూడా ఖాళీ గిన్నె తిరిగిచ్చేది కాదు. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో...

వాళ్ల పిల్లలు బాగా చిక్కిపోయారు. బడి ఎప్పుడు తెరుస్తారో ఏమో.

అత్త ఏమంటుందోనని భయపడ్డాను. ఆమె గిన్నె లాక్కుని, గడపలోనే కూర్చుని ఆకు దూయడం మొదలుపెట్టింది.

"పప్పు ఇంకొంచెం ఎక్కువెయ్. వాళ్లకు ఈతూరి పెద్ద గిన్నెలో పెట్టి ఇయ్యి," అంది.