కొండమీది సమాధి తాళం

నాక్‌బ్రాక్,
మార్చి నెల, వాన

కోర్మాక్ గారికి,

మీరడిగిన మాటకి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపగించకండి. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో తలుపు కొడతారు. "సమాధి తాళం మీ దగ్గరేనా అమ్మా?" అంటారు. నా దగ్గర కాక ఎవరి దగ్గరుంటుంది? కొండమీది రాళ్ళగుట్ట కింద క్రీస్తు పుట్టకముందే ఎవరినో పెట్టారట. వాళ్ళకి నేను కాపలా. కొండకింద కూలిన మఠానికీ నేనే కాపలా. నిన్న డబ్లిన్ నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. మా అలవాటు ప్రకారం టోపీ కుదువపెట్టి తాళంచెవి పట్టుకెళ్ళాడు. మోకాళ్ళదాకా బురదతో దిగొచ్చి, "ఇలాంటి చోట పుట్టడం మీ అదృష్టం" అన్నాడు. "అయితే మీరుండండి, నేను డబ్లిన్ వెళ్తాను" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కోర్మాక్ గారూ, నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోలేను. మీ రొట్టెల కొట్టు వెనక గదికి నాకోసం సున్నం వేయించానని రాశారు చూడండి, అది చదివి పశువుల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాను. మీరంటే ఇష్టం లేక కాదు. ఆ తాళంచెవి మా ఇంటి ఆడవాళ్ళ చేతిలోనే ఉండాలి. బయటివాళ్ళు సరే, ఇంటి మగవాడు ముట్టుకుంటే ఆ ఏడాది గొర్రెలకి కడుపులు నిలవవని మా అమ్మమ్మ నాటి నమ్మకం. ఈ ఇంట్లోకి ఇంకో ఆడది అడుగుపెట్టేదాకా నేను పెళ్ళి చేసుకుని గడప దాటనని, అమ్మ పోయేముందు నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఇంకో ఆడది ఎక్కణ్ణించి వస్తుంది? మా అన్నయ్య మాలకీకి పెళ్ళి ధ్యాసే లేదు. పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని, కప్పు ఖాళీ అయితే నావైపు చూస్తాడు, అంతే. మొన్న మీ పేరెత్తితే కుక్కని పిలుచుకుని బయటికి పోయాడు. నా బతుకు ఇలా తెల్లారిపోవాలని రాసిపెట్టి ఉంది. ఇక నాకు రాయకండి.

బ్రైడీ


నాక్‌బ్రాక్,
ఈస్టర్ వెళ్ళాక

కోర్మాక్ గారికి,

రాయకండి అన్నాను, మీరు నిజంగానే రాయలేదు. చెప్పిన మాట వినే మనిషని తెలిసి ఒళ్ళు మండిపోయింది. సరే, జరిగింది వినండి.

మంగళవారం ఇద్దరు జర్మన్ ఆడవాళ్ళు సమాధి చూసి, తాళంచెవి తిరిగిచ్చి వెళ్ళారు. వచ్చినవాళ్ళు తాళం సరిగ్గా వెయ్యరు, అందుకని నేను కొండెక్కాను. లోపల ఎవరైనా ఉన్నారా అని మేము పిలవం. ఆ సమాధిలోకి పేరు పెట్టి పిలిస్తే పలికేది ఎవరో తెలియదంటారు. ఎప్పటిలాగే నోరు మూసుకుని, ఇనప గేటు లాగి, తాళం వేసి దిగొచ్చాను. సాయంత్రం టపా తెచ్చే టేడీ సైకిల్ పడేసి మా వంటింట్లోకి ఉరికాడు.

"బ్రైడీ! కొండమీద చచ్చినవాళ్ళు లేచారు! నీ పేరు పెట్టి పిలుస్తున్నారు!"

"నా పేరు వాళ్ళకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళుగా తాళం వేస్తున్నావు, ఆమాత్రం తెలీదా? అయ్యో, తిడుతున్నారు కూడా!"

తిడుతున్నారు అనగానే అది మాలకీ అని తెలిసిపోయింది. పరుగెత్తాను. గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, మొహమంతా మట్టి.

"చెవుడా నీకు?"

"లోపల నీకేం పని?"

"పనుంది."

"సమాధిలోనా? చెప్పేదాకా తియ్యను."

చాలాసేపు గొణిగి, చివరికి చెప్పాడు. పాల కేంద్రంలో పనిచేసే ఐలీన్ ఇన్నేళ్ళుగా ఇతనికోసం కాచుకుని ఉందట. ఇక తేల్చిచెప్పమందట. ఆమెకి కాదని ఎలా చెప్పాలో, గేటు తెరిచి ఉండటం చూసి, నా చెవిన పడకుండా లోపలికంటా వెళ్ళి కూర్చుని పైకి చెప్పుకుంటున్నాడట.

"కాదనడం ఎందుకురా అన్నయ్యా?"

"అమ్మకి మాటిచ్చాను. నువ్వు నీ ఇంటికి వెళ్ళేదాకా నీ నెత్తిమీదికి ఇంకో ఆడదాన్ని తీసుకురానని."

తడి రాయిమీద కూలబడ్డాను. నేనిచ్చిన మాట అతనికి చెప్పాను. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"మనమంటే ప్రేమ అమ్మకి," అన్నాడు.

"గొర్రెలన్నా ప్రేమేగా. వాటికీ కంచె కట్టింది."

"అయితే నువ్వు ముందు పో."

"నువ్వు ముందు తీసుకురా."

"మాట తప్పిన పాపం ఎవరికి? నాలుగు రోజులు ఆలోచిద్దాం, బ్రైడీ."

ఆలోచిద్దాం అన్నమాట వినగానే నా ఒంట్లో ఏదో తెగింది. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఎన్నేళ్ళవుతాయో నాకు తెలుసు. తాళంచెవి చువ్వల మధ్యనుంచి అతని చేతిలో పెట్టాను. కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"గొర్రెలు!"

"గొర్రెల సంగతి నువ్వూ ఐలీనూ చూసుకోండి. లేకపోతే లోపలే ఉండు."

వెనక్కి చూడకుండా దిగొచ్చాను.

నాకు కోపం అన్నయ్యమీద కాదు. అమ్మమీద. చచ్చిపోయిన తల్లిమీద ఇలా రాయకూడదని తెలుసు, అయినా కొట్టెయ్యను. మాట తప్పేది నేనే. అది పాపమో కాదో ఫాదర్ చెబుతాడు, వెళ్ళాక అడుగుతాను, ముందు కాదు.

ఆదివారం మీ ఊరి చర్చికి వస్తున్నాను. అక్కడా ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారనుకుంటాను. నేను ఆడవాళ్ళ వైపు వెళ్ళను. నేరుగా మీ బల్ల దగ్గరికే వస్తాను. ఊరు ఊరంతా చూస్తుంది. మీరు మాత్రం తల దించుకోకుండా, కొంచెం జరిగి చోటివ్వండి.

మీ
బ్రైడీ