సుగుణ పాట వెంట క్లిక్కు

అక్టోబరు 8, 2007 – కర్నూలు

కమలాపురం నుంచి పాస్టరు అయ్యగారు మా ఇంట్లోని నా రికార్డింగు గదికి వచ్చి వెళ్ళారు. చర్చిలో కోతపండగకు సీడీ కావాలట. సుగుణ వాళ్ళ చర్చిలో పాడిన పాత క్యాసెట్టుకు కొత్తగా తబలా, కీబోర్డు కలపాలి. "మీ ఆమె గొంతు మా గుడి గొంతప్పా. అరిగిపోకముందే ఏమన్నా చెయ్యి." సరే అన్నాను. ఆమె పోయి ఏడాది దాటింది. ఇంతవరకూ ఆ క్యాసెట్టు ముట్టలేదు. పని అనుకుంటే వినగలనేమో.

అక్టోబరు 10

కంప్యూటర్లోకి ఎక్కించాను. సుగుణ గొంతు, కింద నా హార్మోనియం, వెనక జనం. మొదటి చరణం దాకా విని, లేచి పోయి ఉగ్గాని తిని వచ్చాను. ఆకలి మాత్రం లేదు.

అక్టోబరు 11

శుభ్రం చేస్తున్నా. దగ్గులు, బెంచీల చప్పుడు, లైనుకూ లైనుకూ మధ్య ఏవో మాటలు... అన్నీ తీసెయ్. వినకుండా, తెర మీద చూసే కోసేస్తున్నా. వింటే పని సాగదు.

అక్టోబరు 13

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తాళానికి టిక్కు టిక్కుమనే కంప్యూటర్ క్లిక్కు పెడితే సుగుణ దానితో నడవదు. బతికున్నప్పుడూ ఇంతే. ఒకచోట పరుగు, లైను చివర ఆగడం – ఎందుకో. ఇలాగైతే తబలా ఎలా కూర్చుంటుంది? గొంతును ముక్కలు చేసి, సాగదీసి, సాఫ్ట్‌వేర్ గీతలకు అతికించేశాను. సాయంత్రానికి పోలీసు కవాతు లాగా నడుస్తోంది.

అక్టోబరు 15

ఫోన్లో వినిపించా. అయ్యగారికి సంతోషం. "ఇప్పుడు చప్పట్లు పడతాయప్పా! శానా బాగుండాది."

తర్వాత అక్కడే ఉన్న సుగుణ చెల్లెలు గ్రేసు ఫోన్ తీసుకుంది. రెండు లైన్లు కూడా వినలేదు –

"ఇది అక్క గాదు బావా."

"గొంతు ఆమెదే కదా."

"గొంతు అక్కదే. అక్క గాదు."

కోపం వచ్చింది. పెట్టేశాక ఇంకా వచ్చింది. ఎందుకంటే నాకూ తెలుసు.

అక్టోబరు 17

అతికించిందంతా విప్పేశా. ఈసారి ఆమెను కదపను, తాళాన్నే ఆమె వెంట పంపిస్తా. పాట వింటూ ప్రతి దెబ్బకూ ఒక కీ నొక్కుతూ పోవాలి. నొక్కినచోట గీత పడుతుంది, టెంపో ఆమెతోపాటు పెరిగి తగ్గుతుంది. పొద్దున్నుంచీ కూర్చుంటే ఒక్క చరణం. కరెంటు పోయి అందులోనూ సగం పోయింది.

అక్టోబరు 19

లైను చివర ఆగడాలు – ఒక్కోటి ఒక్కో పొడుగు. ఊపిరి కోసం కాదు. ఒక పద్ధతీ లేదు. గ్రేసును అడిగా.

"ఆగేది యాడిది బావా? అందిస్తాది గదా! మా ఆడోళ్ళలో సగం మందికి చదువు రాదు. రాబోయే లైను అక్క ముందుగానే గబగబా చెప్తాది, వాళ్ళు అందుకుంటారు. నువ్వు పక్కనే పెట్టె వాయిస్తాంటివి, తెలీదా?"

తెలుసు. ఏళ్ళ తరబడి పక్కన కూర్చున్నవాణ్ణి. తెర మీద చూసి కోసేసిన మాటలు అవే.

అక్టోబరు 20

క్యాసెట్టు మళ్ళీ ఎక్కించా. మాటలన్నీ వెనక్కి వచ్చాయి. అది పాడే గొంతు కాదు, వంటింట్లోంచి నన్ను పిలిచే గొంతు. ఇల్లంతా మనిషి తిరుగుతున్నట్టుంది. ఆపితే ఏమీ లేదు. ఒంటరిగా ఉంది – ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేముంది.

అక్టోబరు 22

నాలుగో చరణం. లైను అందించడం ఇంకా అయిపోలేదు, నా హార్మోనియం ముందుకు దూకేసింది. అప్పుడు సుగుణ, మెల్లగా – "ఉండబ్బా. ముసిలోళ్ళు రానీ."

నాకే చెప్పింది. అన్నట్టు గుర్తు కూడా లేదు. మైకు మాత్రం పట్టుకుంది.

ఇవాళ ఇంకేం పని జరగలేదు. ఏడ్చాను.

అక్టోబరు 24

అయ్యగారి ఫోన్. అయినంతవరకూ వినిపించా. "పాట నడమ ఆ మాటలేందప్పా? తీసెయ్. పండగ రోజు కానుకలొచ్చిన గుమ్మడికాయలూ సెనక్కాయలూ వేలం పాడకముందు మైకులో వేయాల. జనం నవ్వుతారు."

"చూస్తానయ్యా" అన్నాను. ఏం చూస్తాను? తీస్తే మళ్ళీ కవాతే. తీయకుంటే ఆయనకు నచ్చదు. ఆమె నాతో అన్న మాట ఊరంతా వినడం నాకు ఇష్టమో కాదో, అదీ తేలలేదు.

అక్టోబరు 25

తబలా కూర్చుంది. మెల్లగా, పరుగు, మళ్ళీ మెల్లగా – అంతా ఆమె వెంటే. ఒక్కచోట తప్ప.

"ఉండబ్బా" తర్వాత ఆమె పాట మళ్ళీ ఎక్కడ ఎత్తుకుంటుందో అక్కడ గీత పడాలి. వింటూ నొక్కుతున్నా. ముందే పడుతోంది. చెరిపి మళ్ళీ. ముందే. మౌస్‌తో జరపొచ్చు, చిటికెలో పని. జరపబుద్ధి కాలేదు.

గ్రేసు ఫోన్ – "సీడీ కోసరం అయ్యగారు బస్సెక్కినాడు బావా. మాటలు తీసినావా, ఉంచినావా?" ఇంకా అక్కడిదాకా రాలేదన్నాను.

మళ్ళీ పెట్టా. కళ్ళు మూసుకున్నా. "ఉండబ్బా. ముసిలోళ్ళు రానీ." వేలు పైకెత్తి పట్టుకున్నా... పట్టుకున్నా... నొక్కేశాను.

ఆమె ఇంకా ఎత్తుకోలేదు.