నలభై ఒక్క కిలోమీటర్లు

రౌనో,

కారు తాళం మెకానిక్ వెయిక్కోకి ఇవ్వకు. కారు వంతెన అవతల బస్‌స్టాపు దగ్గర ఉంది, అక్కడే ఉండనీ. నిన్న అతను చలికాలం టైర్లు వేశాడు కదా, ఈ పొద్దున చూస్తే ముందు ఎడమ చక్రానికి ఐదు బోల్టుల్లో రెండే ఉన్నాయి. మడ్‌గార్డు చీలిపోయింది.

అతనికి ఫోన్ చేశాను. "వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించుకోడానికి వస్తానని మీ ఆయన సంతకం పెట్టాడు కదమ్మా, రాకపోతే తప్పు నాదా?" అన్నాడు. రసీదు మీద మీటరు అంకె అతనే వేశాడు. ఇప్పుడు కారు మీటరుతో లెక్క చూశాను. మనం తిరిగింది నలభై ఒక్క కిలోమీటర్లే. రెండు అంకెలూ ఫొటో తీశాను.

సాయంత్రం సానా ఆవిరిగదిలో కలిసినప్పుడు నిన్ను అడుగుతాడు. ఆ వేడిలో నువ్వు దేనికైనా "సరేలే" అంటావు. ఇవాళ అనకు. అతను బోల్టులు బిగించేశాడంటే మనం చూపించడానికేమీ మిగలదు.

చేపల సూపు పొయ్యి మీద ఉంది.

మార్కెట్టా

ఇది నోటితో చెప్పలేక రాస్తున్నాను. పొద్దున నేను కారు నడుపుతుంటే వెనక సీట్లో సిల్యా ఉంది. "అమ్మా, కారెందుకు గెంతుతోంది?" అని అడిగింది. "రోడ్డు బాలేదులే, కూర్చో" అన్నాను. వంతెన దాటేదాకా ఆపలేదు. కింద సరస్సు ఇంకా గడ్డకట్టలేదు.