పేరు దొరకని హలావా

ఆన్‌లైన్ బజారు ఆఫీసు అబ్బాయికి, అలెగ్జాండ్రియా రేవు వీధి మిఠాయికొట్టు హాజ్జా బహీగా సలామ్ చెప్పి రాసేది:

నాయనా, పండగ నెత్తి మీదకొచ్చింది. నా సరుకు మీ బజారులో కనబడకపోతే వేయించిన నువ్వులన్నీ నేనే నమలాలి. మీరు చెప్పినట్టే ప్రతి మిఠాయికీ పేరు బిళ్ళ తగిలించి పంపాను. నువ్వుల హలావాకి 7అలావా, చెరకు పాకం మిఠాయి అసలియ్యాకి 3అసలియ్యా. మీ మిషను రెండూ తిప్పికొట్టింది. రుచైనా చూడకుండా!

ఇట్లు, బహీగా

తా.క.: బిళ్ళలు మా మనవరాలు కొట్టింది. ఇక్కడి పిల్లలు ఫోన్లో ఇలాగే రాస్తారుగా. గొంతులోంచి పలికే మన అక్షరాలకి ఇంగ్లీషులో దిక్కులేక అంకెలు పెట్టుకున్నారు.

*

పూజ్యులైన హాజ్జా గారి సముఖానికి, బిళ్ళల విభాగం సర్వాధికారి (అనగా అందులోని ఏకైక ఉద్యోగి) తామెర్ సవినయంగా విన్నవించునది:

బిళ్ళ మీద ఏ పేరుంటే కొనేవారికి అదే కనబడును. ఆ పేరు అంకెతో మొదలు కారాదు. మధ్యలో ఖాళీ ఉండరాదు. అంకె వెనకొస్తే అభ్యంతరం లేదు. కనుక అంకెకి ముందు ఏవైనా అక్షరాలు తగిలించగలరు.

విధేయుడు, తామెర్

తా.క.: మా అమ్మకి నేనూ అలాగే మెసేజీలు పెడతాను. ఆవిడ ఫోన్ నంబరనుకుని డయల్ చేస్తుంది.

*

ఒరే తామెర్,

ఏవైనా అక్షరాలన్నావు. నువ్వు పంపిన నమూనాలో అన్నిటికంటే పైన ఎక్స్, ఎమ్, ఎల్ అని ఉన్నాయి. పైన కూర్చున్నాయంటే పెద్దింటి అక్షరాలే అనుకుని వాటినే తగిలించాను. "ఈ పేరు కేటాయించబడినది" అంటోంది మిషను. ఎవరికయ్యా? మా మేనల్లుడి పెళ్ళిలోనూ ముందు వరస కుర్చీలు ఎవరో పాషాగారికని ఆపారు. ఆయన రానేలేదు. నేను మోకాళ్ళ నొప్పులతో నిలబడే భోంచేశాను. ఈసారి ఊరుకోను. ఆయన చిరునామా రాయి.

మండిపోతున్న బహీగా

తా.క.: పాషాగారికి ఓ డబ్బా కహ్క్ బిస్కట్లు పంపుతున్నా. నువ్వు ముట్టుకోకు.

*

హాజ్జా, నా తల్లీ,

ఏ పాషా లేడు! ఆ మూడక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ ఈ బిళ్ళల భాషకి నియమాలు రాసినవాళ్ళు తమకోసం అట్టేపెట్టుకున్నారు. పెద్దక్షరాలు చేసినా చిన్నక్షరాలు చేసినా ఒప్పుకోరు. ఎప్పుడు వాడతారో నన్నడక్కండి. అక్షరంతో మొదలై, ఖాళీ లేకుండా, ఎవరూ అట్టేపెట్టుకోని పేరు ఏదైనా సరే, ఏదైనా సరే, పెట్టెయ్యండి. నన్ను ఇఫ్తార్ వేళకి ఇంటికి పోనివ్వండి.

అలిసిపోయిన తామెర్

తా.క.: పాషా లేడు కనుక ఆయన తరఫున డబ్బా నేనే ఖాళీ చేశాను. ఆయనకి నచ్చింది.

*

నా బంగారు తామెర్‌కి,

నువ్వు చెప్పిన లక్షణాలున్న పేరు కోసం నేనూ మనవరాలూ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. చివరికి నీ ఉత్తరం అడుగునే దొరికింది. హలావాకి తామెర్7, అసలియ్యాకి తామెర్3. అంకె వెనకొస్తే పరవాలేదన్నది నువ్వేగా! మిషను కిక్కురుమనలేదు. ఇప్పుడు వీధంతా ఒకటే గోల: "హాజ్జా, అరకిలో తామెర్ కొయ్యి, పిస్తాలున్న వైపు!" పండగ సరుకంతా ఊడ్చుకుపోయింది. మీ అమ్మగారట, ఆవిడా వచ్చి ఓ ముక్క రుచి చూసి, "మావాడిలా కాదు, వీడు నోట్లో పెట్టగానే కరుగుతున్నాడు" అని కిలో పట్టుకెళ్ళింది.

నీ మేలు మరవని బహీగా

తా.క.: ఆ పేరు ఇక నా కొట్టుకి కేటాయించబడినది. ఉత్తరాల కింద పెట్టుకోడానికి నువ్వు ఇంకోటి చూసుకో. అంకెతో మాత్రం మొదలెట్టకు.