గోడ మీద అమృతమ్మ

27 మే 2024, సోమవారం

హెడ్మాస్టర్ దివాకర్ సారు ఫోన్ చేశారు. ఎండాకాలం సెలవుల్లో హెడ్మాస్టర్ ఫోనంటే మంచి వార్త అయ్యే అవకాశమే లేదు. కాలేదు కూడా. జూన్ పన్నెండున బడి తెరిచే లోపల గోడలన్నిటికీ ఒకే రంగు పడాలట. ఓట్ల కౌంటింగ్ అయిపోగానే పెయింటర్లు వస్తారట. పడమటి గోడకు కూడానా అని అడిగాను. అన్ని గోడలంటే అన్ని గోడలే గద మేడం అన్నారు. పెచ్చులూడుతున్న బొమ్మల కోసం ఫికర్ ఎందుకు, మీరు కూడా జులైలో రిటైరే గద అని పైనుంచి ఒక ఓదార్పు.

నేనూ నా గోడా ఒకే సీజన్లో వెళ్లిపోతున్నామన్నమాట.

28 మే, ఉదయం 6

కోపం ఇంకా దిగలేదు. టీ తాగి రాస్తున్నాను.

ఆ గోడ 2015 జనవరిది. రాష్ట్రం వచ్చి ఏడాది కూడా నిండలేదు. నేను కట్టంగూర్ నుంచి ఈ మర్రిగూడ మండలానికి బదిలీ మీద వచ్చి మూడేళ్లు. డ్రాయింగ్ పీరియడంటే లెక్కల సారు తన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. ఆ ఏడు స్టాఫ్ రూములో గొంతు చించుకుంటే తొమ్మిదో తరగతిని శనివారం సాయంత్రాలు నాకు వదిలారు.

రంగుల డబ్బాలు లేవు. ఊళ్లో ఏది దొరికితే అదే రంగు అన్నాను. చెలకలోని ఎర్రమట్టి తెచ్చారు. పొయ్యిలోంచి బొగ్గు, పాదు మీంచి చిక్కుడాకు, ఇంట్లోంచి నీలిమందు. అన్నిట్లోకీ తుమ్మబంక. సున్నం మాత్రం మేళ్లచెరువు దిక్కు నుంచి ఎవరో పిల్లాడి మేనమామ లారీలో తెచ్చి దించిపోయాడు. గోడకు వేలు మందాన పూశాం. నా చేతులు వారం రోజులు మండాయి.

ఏం గీద్దామంటే అందరిదీ ఒకటే మాట. బోరింగు కాడ లైను గీద్దాం టీచర్ అన్నారు. నిజమే, వాళ్ల బతుకులో సగం ఆ బిందెల లైన్లోనే పోయేది. ఆ ఫ్లోరైడు నీళ్లే పళ్లకు గార పట్టిస్తున్నాయనీ, ఎముకలు వంచుతున్నాయనీ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. వేరే నీళ్లు ఉంటే కదా.

మనుషుల్ని గీయడం ఒక్కరికీ రాదు. అప్పుడు తట్టింది నాకు. సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఏటవాలుగా వచ్చి ఆ గోడ మీద పడుతుంది. ఇంట్లోంచి ఒక మనిషిని బిందెతో తీసుకొచ్చి, గోడకు ఆనించినట్టు పక్కకు తిప్పి నిలబెట్టాలి. నీడ చుట్టూ బొగ్గుతో గీయాలి. బొగ్గు చెరిగిపోతుంది కాబట్టి అదే గీత వెంట మేకుతో సున్నంలోకి లోతుగా గీకాలి. ఆ తర్వాత రంగు. ఎవరికీ డ్రాయింగ్ రావాల్సిన పని లేదు. ఎండే గీసి పెడుతుంది.

పదిహేడు మంది వచ్చి నిలబడ్డారు. మొగవాళ్లు మీసాలు దువ్వుకుని మరీ వచ్చారు, నీడలో మీసం రాదని చెప్పినా వినకుండా. ఆ నెల రోజులంత సంతోషంగా నేను ఉద్యోగంలో మళ్లీ ఎప్పుడూ లేను.

29 మే

పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, గోడకు రంగు పడుతోందని. ఏడుపు బొమ్మలు పదకొండు వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు.

30 మే, మధ్యాహ్నం 2

వచ్చింది. మనిషి కాదు, ఫోన్. ప్రవళిక.

తొమ్మిదేళ్ల కిందట రెండు జడల పిల్ల. గోడ అయిపోయాక డ్రాయింగ్ క్లాసుకు రావడం మానేసింది. పదో తరగతి ఒత్తిడి అనుకున్నాను. ఇప్పుడు నల్లగొండలో ఫ్లెక్సీల షాపులో డిజైనరట. రోజంతా మందిని తెల్లగ చేసుడు, ముడతలు తీసుడే నా పని టీచర్ అని నవ్వింది. నవ్వు అయిపోయాక అసలు సంగతి చెప్పింది.

వాళ్ల అవ్వ అమృతమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది అవుతోంది. సంవత్సరీకానికి ఫొటో పెట్టాలి. ఫొటో లేదు. ఆధార్ కార్డుది తప్ప ఏదీ లేదు. కెమెరా కనబడితే ఆమె గడప దాటేది కాదు. అదీ నాకు తెలుసు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా కార్లలో వచ్చి, చీర జర పైకి పట్టుకో అవ్వా అని అడిగి కాళ్ల ఫొటోలు తీసుకుపోయేవాళ్లు. పేపర్లో కాళ్లే వచ్చేవి, మొహం ఉండేది కాదు.

మా అవ్వ నిలవడ్డట్టు ఉన్నది ఒక్క మీ గోడ మీదనే టీచర్, నేను వచ్చేదాంక ఎవ్వలనూ ముట్టనియ్యకుండ్రి అంది.

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను. గోడ మీద ఉన్నది అమృతమ్మ కాదు.

31 మే

ఎక్కడా రాయలేదు ఇది. ఆ ఏడు డైరీలో కూడా.

అమృతమ్మ ఆ రోజు చేతికర్రతో, మనుమరాలి భుజం పట్టుకుని వచ్చింది. బడి గేటు నుంచి గోడ దాకా రావడానికి పావుగంట. కర్ర తీసి పక్కన పెట్టింది. బిందె తానే చంకన పెట్టుకుంది. నీడ పడింది. నడుము ముందుకు, మోకాళ్లు పక్కకు, పాదాలు లోపలికి. ప్రవళిక నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క వంకర కూడా వదలకుండా గీసింది. మేకుతో గీకింది. అంత నిజాయితీ గల గీత ఆ గోడ మీద ఇంకొకటి లేదు.

ప్రారంభానికి జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తున్నారన్నారు. పేపర్ల వాళ్లు కూడా. ముందు రోజు సాయంత్రం నేను ఒక్కదాన్నే గోడ ముందు నిలబడి చూశాను. మళ్లీ వీళ్ల కాళ్లేనా అనిపించింది. వచ్చినవాళ్లు నేరుగా ఆ బొమ్మ దగ్గరికే పోయి ఫొటో తీస్తారు. కనీసం మా గోడ మీదైనా ఈమెను నిటారుగా నిలబెడదాం అనుకున్నాను. సున్నం ముద్ద చేసి ఆ గీతను పూడ్చేశాను. నడుము కింద నుంచి కొత్త కాళ్లు గీశాను, గునపాల్లాంటివి. ఎర్రమట్టి చీర కట్టాను.

మేలు చేశాననే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, మేలనే అనుకున్నాను.

మర్నాడు అమృతమ్మ వచ్చింది. గోడ వెంట ఒక్కొక్క బొమ్మా చూసుకుంటూ నడిచి, తన బొమ్మను దాటిపోయింది. చివరి దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. నేనేడున్న బిడ్డా అని నన్నే అడిగింది. చూపించాను. కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, గిట్ల నిలవడి ఎన్నేండ్లాయెనో అంది. సంతోషపడిందనుకున్నాను. తొమ్మిదేళ్లుగా అదే అనుకుంటూ వచ్చాను. కాదు, అనుకోవాలని అనుకుంటూ వచ్చాను.

2 జూన్, ఆదివారం

రాష్ట్రానికి పదేళ్లు. బడిలో జెండా ఎత్తి లడ్డూలు పంచారు. తొమ్మిదో తరగతికి పోయే పిల్ల ఒకతి, మనస్విని, గోడ చూసి అడిగింది, టీచర్ గీ బోరింగు కాడ గింతమంది ఎందుకు నిలవడ్డరు అని. ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వస్తున్నాయి కదా, ఆమెకెట్లా తెలుస్తుంది. నీళ్ల కోసం అన్నాను. నమ్మలేదు. నవ్వితే పళ్లు తెల్లగా ఉన్నాయి. గోడ మాట మరిచిపోయి ఆ పళ్లే చూస్తూ నిలబడ్డాను.

దివాకర్ సారును బతిమాలాను, ఆ ఒక్క గోడ ఆఖర్న వేయించండని. గురువారం సాయంత్రం దాకా ఆపగలను, ఆ తర్వాత నా చేతుల లేదు మేడం అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆర్డర్ అంటే భయం, అంతే.

3 జూన్

ప్రవళికకు ఫోన్ చేసి చెబుదామని మూడుసార్లు నంబరు తీశాను. మూడుసార్లూ పెట్టేశాను. గురువారం సాయంత్రం లోపు రమ్మని మెసేజ్ మాత్రం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

4 జూన్

కౌంటింగ్. ఊరంతా టీవీల ముందు. నేను సున్నం గోడ గురించి ఆలోచిస్తున్నాను.

6 జూన్, గురువారం, రాత్రి 8

వరుసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అవుతుంది.

ప్రవళిక మూడింటికి బస్సు దిగింది. చంకలో షాపు నుంచి తెచ్చిన పల్చటి కాగితం చుట్ట. గోడ మీద ఎండ దిగేదాకా మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పేశాను. కాళ్లు నేనే మార్చాను, అది మీ అవ్వ కాదు అని.

నాకెరుకే టీచర్ అంది. ఆనాటి నుంచే ఎరుకనట. పొద్దున బడికి రాగానే చూసిందట.

మరి ఇంకెందుకొచ్చావు అన్నాను. పైనుంచి నడుము దాంక మా అవ్వనే గద, గంతన్న దొరుకుతదని వచ్చిన అంది.

ఆ మాటకే నేను సగం చచ్చాను. మిగతా సగానికి ఇంకో మాట చెప్పింది. చెప్పాలని వచ్చినట్టు కాదు, కాగితం విప్పుతూ విప్పుతూ మామూలుగా చెప్పింది. ఆ రోజు ఇంటికి పోయాక అవ్వ గడపలో కూర్చుని కాళ్లు చాపుకుని వాటినే చూసుకుంటూ అందట. నా కాళ్లు గంత సిగ్గయినయా మీ టీచరుకు, గీ కాళ్లతోటే గదనే మీ నాయినను సాదింది, గీ కాళ్లతోటే గద నిన్ను బడికి తోల్కవోయింది అని. ఆ తర్వాత ఆ గోడ వైపు రాలేదట. ప్రవళికా అందుకే నా క్లాసుకు రాలేదు.

నేను ఏడ్చాను. అరవయ్యొకటో ఏట, బడి మెట్ల మీద, పాత స్టూడెంట్ ముందు. ఆమె ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. నీళ్ల బాటిల్ ఇచ్చి, ఎండ వడ్డది టీచర్ లేవుండ్రి అంది.

అమృతమ్మ బొమ్మ ముందు నిలబడ్డాం. ఎర్రమట్టి చీర చాలావరకు రాలిపోయింది. ప్రవళిక నడుము కింద వేలు పెట్టి రాసింది. నేను పూడ్చిన సున్నం పొట్టులా రాలింది. ఇంకా రాసింది. ఇంకా రాలింది. పది ఎండాకాలాలు నా ముద్దను గుల్ల చేసేశాయి. దాని కింద మేకు గీత చెక్కుచెదరలేదు. ఇద్దరం, పాత టూత్‌బ్రష్‌తో నేను, వేళ్లతో ఆమె, మోకాలు దాకా, పిక్క దాకా, లోపలికి తిరిగిన పాదం దాకా దులిపాం. తొమ్మిదో తరగతి పిల్ల ఊపిరి బిగబట్టి గీసిన గీత మొత్తం బయటికి వచ్చింది.

ఆ గీత మీద కాగితం పరిచాం. నేను రెండు చేతులతో పైన ఒత్తి పట్టుకున్నాను, ఆమె బొగ్గుతో రుద్దింది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్లం కదా, అట్లా. నల్లటి కాగితంలో తెల్లగా అమృతమ్మ లేచింది. తల, కొప్పు, చంకన బిందె, వంగిన నడుము. తర్వాత కాళ్లు. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రవళిక చేయి ఆగింది. మా అవ్వ టీచర్ అంది. ఉన్నది ఉన్నట్టు ఉన్నది టీచర్ అంది.

షాపులో దీన్ని స్కాన్ చేస్తావా అని అడిగాను. చేస్త గని ఏమీ దిద్ద అంది. మౌస్ ముట్టనట.

కాగితం చుట్ట చంకలో పెట్టుకుని ఆరింటి బస్సు ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. మొహమంతా బొగ్గు.

7 జూన్

పడమటి గోడకు పెయింటర్లు వచ్చారు. చూడలేక ఇంట్లోనే ఉన్నాను. పప్పు మాడింది.

12 జూన్

బడి తెరిచాం. పడమటి గోడ కొత్తగా, నున్నగా, ఒక్క మాటా చెప్పకుండా ఉంది. సంవత్సరీకం ఫొటో ప్రవళిక పంపింది. వాళ్లింటి గోడకు పూలదండ వేసిన ఆరడుగుల ఫ్లెక్సీ, దాని మీద నల్లగా తెల్లగా అమృతమ్మ. కింద పేరు, తేదీలు. మనుషుల్ని తెల్లగా చేసే షాపులోంచి ఆ ఒక్క ఫ్లెక్సీ అట్లా బయటికి వచ్చింది. వాళ్ల నాయిన దాని ముందు కూర్చుని అన్నం తిన్నాడట, పండుగకు అమ్మ ఇంటికి వచ్చినట్టు.

31 జులై, బుధవారం

శాలువా కప్పారు. ప్రవళిక కూడా నల్లగొండ నుంచి వచ్చింది. లెక్కల సారు నా గురించి మాట్లాడుతూ డ్రాయింగ్ పీరియడ్ చాలా ముఖ్యమైనది అన్నాడు. నవ్వాపుకోవడం కష్టమైంది.

నాలుగున్నరకు మొగులు విడిచి ఎండ వచ్చింది. పెయింటర్లు పుట్టీ పెట్టలేదు, రెండు కోట్లతో సరిపెట్టారు. ఎండ ఏటవాలుగా పడేసరికి కొత్త రంగు కింద మేకు గీతలన్నీ లేచాయి. పదిహేడు మంది, బిందెలతో, లైన్లో. అమృతమ్మ నిలబడ్డట్టే నిలబడి ఉంది.

ఆమె వెనక జాగా ఉంది. పోయి పక్కకు తిరిగి నిలబడ్డాను. నా బ్యాగులో ఆనాటి మేకు ఉంది అన్నాను, ప్రవళిక తీసింది. నడుము జర వంగింది టీచర్ అంది.

గీకు అన్నాను.