మామూలు నీళ్ల గ్లాసు

కాలేజీ హాస్టలు,
బుధవారం, ఆగస్టు 20.

పరమపూజ్యులైన సైన్సు మాస్టారి సముఖానికి,

మీ పాత విద్యార్థిని సవినయంగా రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను, కనీసం ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా.

గుర్తుపట్టారా? తొమ్మిదో తరగతి, కిటికీ పక్క బెంచీ. మీరు పెట్టిన పేరు దొంగ సైంటిస్టు. ఆరేళ్లయినా స్నేహితులు ఆ పేరు వదల్లేదు, నేను మిమ్మల్ని వదల్లేదు.

ఉప్పు నీళ్లకి గింజలు మొలుస్తాయా అని ప్రయోగం ఇచ్చారు. మూడు గ్లాసులు, అడుగున దూది, ఒక్కోదాంట్లో ఇరవై పెసలు. ఒకదానికి మామూలు నీళ్లు, ఒకదానికి చెంచా ఉప్పు కలిపినవి, ఇంకోదానికి రెండు చెంచాలు. ఏది ఏదో చీటీలు అంటించాను. వారం పాటు స్కూలు కిటికీలో పెట్టి, రోజూ కుళాయి నీళ్లు పోశాను. ఉప్పు గ్లాసుల్లో ఏమీ రాలేదు. మామూలు నీళ్ల గ్లాసులోనూ మూడంటే మూడే మొలకలు. చూసింది చూసినట్టు రాశాను. అదే నేను చేసిన పాపం.

మీరు ఆ గ్లాసు ఎత్తి క్లాసంతటికీ చూపించి, చీటీలు మార్చేసి మన చెవుల్లో పువ్వులు పెడుతోందర్రా అన్నారు. సున్నా వేశారు. నేను చీటీలు మార్చాను అని వందసార్లు రాయించారు. మారిస్తే మరి మొలకల గ్లాసు ఏదని మీరూ అడగలేదు, నాకూ తోచలేదు. తొంభయ్యోసారికి నిజంగానే మార్చానేమోనని నాకే అనుమానం వచ్చింది. పుస్తకంలో ఉన్నది దించేసిన మిగతా ముప్పై ఏడుగురికీ పదికి పది.

అక్కడితో ఊరుకుందును. పోయిన శుక్రవారం మా చెల్లి ఫోన్ చేసింది. ఇప్పుడది మీ తొమ్మిదో తరగతి. అవే గ్లాసులు, అదే కిటికీ, నాలుగు మొలకలు. అక్క బుద్ధులే వచ్చాయే నీకు అని సున్నా వేశారట. వచ్చే సోమవారానికి లెక్క సరిచేసి తెస్తేనే సైన్స్ ఫెయిర్‌కి పంపుతానన్నారట. అది ఏడవలేదు మాస్టారూ. ఏడిస్తే బాగుండేది. పోనీలే అక్కా, పద్దెనిమిది మొలిచాయని రాసేస్తా, ఆయనకి కావాల్సింది అదేగా అంది, పక్కింటికి వెళ్లొస్తానన్నంత తేలిగ్గా. అప్పుడు మండింది నాకు.

ఆ కుళాయి నీళ్లు సీసాలో పట్టి పంపించమన్నాను. ఇక్కడ ల్యాబ్‌లో లీటరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున చెంచాడు ఉప్పు మిగిలింది. ఆ లెక్క రాసిన ల్యాబ్ కాగితం జతచేశాను. కిటికీ ఎండకి నీళ్లు ఇగిరిపోయేవి, ఉప్పు ఉండిపోయేది, నేను మళ్లీ పోసేదాన్ని. మొలక వచ్చేలోపే మామూలు గ్లాసు కాస్తా సముద్రమైంది. ఆ నీళ్లు ఉప్పనని స్కూల్లో తెలియనిదెవరికి? అందుకేగా అందరం ఇంటి నుంచి మంచినీళ్ల సీసాలు మోసేది! మీ బల్ల మీది ఆకుపచ్చ సీసా కూడా అందుకేగా! నాకు తట్టలేదంటే పద్నాలుగేళ్లు. మీకేమయింది?

ఇక శిక్ష. సోమవారం అందరి ముందూ అదే కిటికీలో రెండు గ్లాసులు పెట్టండి. ఒకదానికి కుళాయి నీళ్లు, ఒకదానికి మీ సీసా నీళ్లు. నాలుగో రోజున మొలకలు మీరే లెక్కపెట్టండి, వెనక బెంచీకి వినబడేలా. చెల్లి సున్నా కొట్టేసి దాన్ని ఫెయిర్‌కి పంపండి, ఆ నాలుగు మొలకలతోనే. ఆనక, నేను కుళాయి వైపు చూడలేదు అని వందసార్లు రాయండి. దస్తూరీ ముఖ్యం. బతిమాలుతున్నానని పొరబడకండి. ఈ ఉత్తరం మీకందే పూటకే రెండో ప్రతి, ల్యాబ్ కాగితంతో సహా, హెడ్మిస్ట్రెస్ గారి బల్ల మీద ఉంటుంది.

మీ ఆశీస్సులు అక్కర్లేని,
దొంగ సైంటిస్టు

తా.క.: ల్యాబ్ కాగితం మీద సంతకం నాది కాదు, చూసే ఉంటారు. నీళ్లు మరిగించింది, ఉప్పు తూచింది, నమ్మలేక మళ్లీ తూచింది మీ అమ్మాయి. హాస్టల్లో నా పక్క గదే. ఆ రోజు పదికి పది వచ్చిన వాళ్లలో తనూ ఉంది. తను నిజంగానే ఆ కుళాయి నీళ్లతోనే పెసలు నానబెట్టిందట. రెండే మొలిచాయట. నన్ను మీరు నిలబెట్టి అన్న మాటలు విని, తన రెండు పక్కన ఆ మధ్యాహ్నమే సున్నా చేర్చిందట. ఇన్నాళ్లూ మీతో చెప్పే ధైర్యం చాల్లేదు, నువ్వే రాయి అంది. హెడ్మిస్ట్రెస్ గారి ప్రతిలో ఈ నాలుగు ముక్కలూ లేవు. ఇవి మీ ఒక్కరికే.