గుండీకి రావలసిన సీటు

ప్రతిభగల పిల్లల బడి కార్యదర్శిగారికి,

కత్తెర పక్కన పెట్టి, నమస్కారం చేసి రాస్తున్నాను.

చేతిపనిలో చిన్నప్పుడే మెరిసే పిల్లలకి ప్రత్యేక తరగతిలో ఒక్క సీటు ఉందనీ, ఫీజు లేదనీ, నమూనా పంపమనీ మీ గోడమీద కాగితం చూశాను. మా తమ్ముడి కూతురికి ఆరేళ్ళు. ఇంట్లో అందరం గుండీ అంటాం. ఇప్పుడది చదివే బడిలో డెబ్భైమంది పిల్లలకి ఒకటే గది. చేతులు కట్టుకు కూర్చోవడమే అక్కడ చదువు. దానికేమో చేతులు ఊరుకోవు. ఈ సీటు దానికి రావాలి.

నేను దర్జీని. చొక్కా పట్టీ ఒకటి పంపుతున్నాను. దానిమీద ఆరు కాజాలూ గుండీ ఒక్కతే కుట్టింది.

ఇట్లు,
గుండీ మేనత్త

తా.క.: మూడో కాజా వంకర. విప్పి కుట్టవే అంటే, "అన్నీ బాగుంటే నువ్వే కుట్టావంటారత్తా" అంది.

*

మేనత్తగారికి,

కార్యాలయం తరఫున మర్యాదపూర్వకంగా.

కాజాలు పరిశీలించాం. అయితే దరఖాస్తుదారు దర్జీ ఇంటి పిల్ల. కాబట్టి ఇది ప్రతిభ కాదు, పరిసరాల ప్రభావం అని కమిటీ నిర్ణయించింది. పోలిక కోసం తెలియజేస్తున్నాం: నిరుడు ఎంపికైన బాలుడు అగ్గిపెట్టెలతో మేడ కట్టాడు. తండ్రి పేరున్న భవన నిర్మాణ ఇంజనీరు. అలాంటి సహజమైన మెరుపు మాకు కావాలి.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: కాజాలు అద్భుతమని మా గుమాస్తా అన్నాడు. అది కార్యాలయ అభిప్రాయం కాదు.

*

కార్యదర్శిగారికి,

ఈసారి కత్తెర చేతిలోనే ఉంది.

ఇంజనీరు కొడుకు మేడ కడితే మెరుపా? దర్జీ మేనకోడలు కాజా కుడితే పరిసరాలా? ఆ బాబుకి పరిసరాలు లేవా? వాళ్ళింట్లో గోడలు లేవా, నాన్న బల్లమీద నక్షాలు లేవా? పెద్దింటి పిల్ల రంగు ఒలకబోస్తే కళ అంటారు, మా పిల్ల ఒలకబోస్తే ఎవరు తుడుస్తారంటారు. తాపీమేస్త్రీ కూతురు అదే మేడ కట్టి ఉంటే, ఇటుకలు మోయడానికి పనికొస్తుందని రాసేవారు కాదూ? చేతులు అందరికీ రెండే ఉన్నాయండీ. ఆ చేతుల వెనక బుర్ర ఉందో లేదో మాత్రం మీరు ఇంటి గుమ్మం చూసి తేలుస్తున్నారు.

ఇట్లు,
పరిసరాల ప్రభావం

తా.క.: "అక్కా, కాస్త మర్యాదగా రాయవే" అని మా తమ్ముడు బతిమాలాడు. అందుకే ఇంత మర్యాదగా రాశాను.

*

మేనత్తగారికి,

మీ ఉత్తరం కమిటీలో చదివాం. ఒక సభ్యురాలు మంచినీళ్ళు అడిగారు.

మీకు మరో అవకాశం ఇస్తున్నాం. కుటుంబ వృత్తితో సంబంధం లేని వస్తువు ఏదైనా పిల్ల స్వయంగా చేసి పంపాలి. పదిరోజులు గడువు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: దయచేసి ఉత్తరం క్లుప్తంగా రాయండి.

*

కార్యదర్శిగారికి,

క్లుప్తంగా: మట్టిబొమ్మలు, అయిదు. మా వంశంలో మట్టిపని చేసినవాళ్ళు లేరు.

ఇట్లు,
గుండీ మేనత్త

తా.క.: మీరు తా.క. గురించి ఏమీ అనలేదు గనక. ఆ అయిదుగురూ మా కొట్టుకి కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళే. టేపు తగలగానే పొట్ట లోపలికి లాక్కునే ఆయన్ని చూడండి. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆరేళ్ళ పిల్ల అది మట్టిలో పట్టుకుంది. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన సంగతే, నేను మాత్రం కొలత తప్పు రాసుకుంటూనే ఉన్నాను.

*

మేనత్తగారికి,

అభినందనలు! కమిటీ ఏకగ్రీవంగా సీటు మంజూరు చేసింది.

ఆ గుడ్డమీది పని చూసి సభ్యులు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. వదులుగా, భయం లేకుండా సాగిన ఆ ఎర్రదారం కుట్లు! ఆ నీలం సుద్దగీతలు! మూలన ముప్ఫై ఎనిమిది, నలభై నాలుగు అన్న అంకెల్లో కాలప్రవాహాన్ని పసిమనసు ఎలా పసిగట్టిందో! శిక్షణ అన్నది సోకని చెయ్యి అది. చట్రం కట్టించి ముందు గదిలో వేలాడదీశాం. ఈ గుడ్డ కుట్టినవారు సోమవారం ఉదయం తొమ్మిదింటికి తరగతిలో చేరాలి.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: గుడ్డ నలగకుండా లోపల పెట్టిన మట్టిముద్దలు కిటికీలో ఉన్నాయి. కావాలంటే పట్టుకెళ్ళవచ్చు.

*

కార్యదర్శిగారికి,

మీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఇలా కూర్చోవడం నాకు అలవాటు లేదు.

ఆ గుడ్డ పార్సిలు గుడ్డ. పోస్టుకి వేళ మించిపోతోందని బల్లమీద దొరికిన, సుద్దతో కొలతలు రాసుకున్న ముక్క తీసి, బొమ్మలు చుట్టి కచ్చాకుట్టు వేసింది నేను. లాగితే ఊడాలనే అంత వదులుగా వేశాను. ముప్ఫై ఏళ్ళు సూది పట్టిన చేతికి శిక్షణ సోకలేదన్నారు. సంతోషం.

"ఊరుకోవే అక్కా, సీటు వచ్చింది కదా" అంటాడు మా తమ్ముడు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ గుండీ వచ్చి, "అత్తా, పొట్టాయన్ని చూసి నవ్వారా?" అని అడిగింది. ఆయన్ని కిటికీలో పడేశారనీ, నా తొందరకుట్టుకి సీటిచ్చారనీ, ఆ సీట్లో నోరు మూసుకుని కూర్చోమనీ దానికి ఏ నోటితో చెప్పమంటారు? వద్దు. దాని సీటు దాని బొమ్మలకే రావాలి.

ఇక మీ ఉత్తరంలో ఉన్నది పిల్ల అని కాదు, గుడ్డ కుట్టినవారు అని. కింద మీ సంతకం, ముద్ర ఉన్నాయి. నా వయసు నలభై ఎనిమిది. సోమవారం తొమ్మిదింటికి వస్తున్నాను. మొదటి వరుసలో నాకు సరిపడా బల్ల వేయించండి.

ఇట్లు,
మీ కొత్త విద్యార్థిని

తా.క.: మొదటిరోజు గనక ఏడుస్తానేమోనని గుండీ నన్ను దింపడానికి వస్తోంది. నేను కుదురుకునేదాకా పక్కనే కూర్చుంటుందట. నేను కుదురుకోవడానికి ఓ పదేళ్ళు పట్టవచ్చు.